సర్క్యూట్ బోర్డు సాఫ్ట్‌వేర్ ఎంపికలో సాధనశుద్ధి

సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ మీద సర్క్యూట్ బోర్డు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది పైకి ధర, సౌకర్యం, అలవాటు తేల్చే వ్యవహారం. లోపల మాత్రం ధర్మచర్చల్లో ఎప్పటినుంచో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది: సాధ్యం మంచిదైతే సాధనం ఎలాంటిదైనా పరవాలేదా? ఈ ప్రశ్న పదునెక్కిన చోట్లలో కెనడా ఒకటి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాల్గరీ కేంద్రంగా పెరిగింది. యంత్రాన్ని మతదృష్టితో, నీతిదృష్టితో పరీక్షించిన జార్జ్ గ్రాంట్, అర్సులా ఫ్రాంక్లిన్ రాసిందీ ఆ దేశంలోనే.

ఓపెన్‌బీఎస్‌డీని థియో డి రాట్ 1995లో మొదలుపెట్టారు. ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అమెరికా ఆంక్షలు గట్టిగా ఉన్న రోజుల్లో కెనడా చట్టం ఈ ప్రాజెక్టుకు కలిసొచ్చింది. సోర్స్ ఇవ్వకుండా కంపెనీలు పంచే డ్రైవర్లను ఇది కర్నెల్‌లోకి రానివ్వదు. లినక్స్ ప్రోగ్రాములను ఉన్నవి ఉన్నట్టుగా నడిపే సదుపాయాన్ని కూడా 2016 నాటి 6.0 విడుదలలో తీసేశారు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్లలో ఆల్టియం డిజైనర్ ఎలాగూ విండోస్‌కే పరిమితం. లినక్స్ కోసం కంపైల్ చేసి అమ్మేవి కూడా ఇక్కడ పనికిరావు. మిగిలేవి సోర్స్ నుంచి తయారుచేసుకోగలిగినవే, వాటిలో ముఖ్యమైనది కీక్యాడ్. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడైన జాన్-పియర్ షరాస్ 1992లో దాన్ని ప్రారంభించారు. తరవాత జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల దాని అభివృద్ధికి చేయి అందించింది.

ఇలా దారి ఒక్కటే మిగిలినప్పుడు ఎంపిక నియమనిష్ఠలా కనిపిస్తుంది, మడి కట్టుకున్నట్టు. అయితే మడికి గీత ఎక్కడ గీయాలన్న తగాదా తప్పదు. ఓపెన్‌బీఎస్‌డీ మూసిన డ్రైవర్లను కాదంటుంది గానీ, పరికరం లోపలే నడిచే ఫర్మ్‌వేర్‌ను, పంచుకునే హక్కు ఉంటే చాలు, ఒప్పుకుంటుంది. కొన్ని స్వేచ్ఛలేని ప్రోగ్రాములను ఎక్కించుకునే సూచనలు పోర్ట్స్ అనే దాని అదనపు ప్రోగ్రాముల సంగ్రహంలో ఉన్నాయని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ 2007లో తప్పుపట్టారు. డి రాట్ ఘాటుగా ఎదురుతిరిగారు. డబ్బు విషయంలోనూ ఇదే చిక్కు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిధులు తీసుకుంటూనే, ఆ మేరకు క్షిపణి ఖర్చు తగ్గుతుందన్నట్టుగా డి రాట్ సమర్థించుకున్నారు. ఇరాక్ యుద్ధంపై ఆయన చేసిన విమర్శ ఒక కెనడా పత్రికలో వచ్చాక, 2003లో ఆ నిధులు ఆగిపోయాయి. వేమన ఆచారాన్ని నిలదీసినప్పుడు వంటపాత్ర శుద్ధిని ఉదాహరణగా తెచ్చాడు గానీ, ఆయన గురి పాత్ర మీద కాదు, లోపల శుద్ధి లేని తంతు మీద. సాఫ్ట్‌వేర్ లైసెన్సు చూసి తృప్తిపడేవారికీ ఆ నిలదీత వర్తిస్తుంది.

సాధనం తటస్థమైనదన్న వాదాన్ని గ్రాంట్ ఒప్పుకోలేదు. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన శాఖలో చాలాకాలం బోధించిన ఈ క్రైస్తవ తాత్వికుడు 1986లో వెలువడిన ‘టెక్నాలజీ అండ్ జస్టిస్’లో, తనను ఎలా వాడాలో కంప్యూటర్ మనిషిపై రుద్దదన్న మాటను తీసుకుని విప్పి చూపారు. ఏ నాగరికత ఏ విధంగా ఆలోచించి ఆ యంత్రాన్ని కన్నదో, ఆ ఆలోచన దాని వాడకంలోకీ వస్తుందన్నది ఆయన వాదన. బోర్డు రూపకల్పనలో దీనికి చక్కని సాక్ష్యం ఈగిల్ అనే మూసిన సాఫ్ట్‌వేర్. చాలా ఏళ్లు దాని ఉచిత ప్రతి బోర్డు వైశాల్యాన్ని 80 చదరపు సెంటీమీటర్లకు, రాగి పొరలను రెండింటికి కట్టడి చేసింది. దాన్ని వాడిన అభిరుచిదారు ముందు ఆ కొలతలో పట్టేదే ఊహించాలి. ఇది రుద్దడం కాదనడం కష్టం.

గ్రాంట్ విశ్లేషణ లోతైనదే, కానీ అది చదివాక ఇంజనీరుకు చేయాల్సింది తోచదు. అక్కడ ఫ్రాంక్లిన్ ఎక్కువ పనికొస్తారు. మ్యూనిక్‌లో పుట్టి, టొరంటో విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం బోధించిన ఆమె క్వేకర్, శాంతివాది. కెనడాలోని మాసీ ఉపన్యాస పరంపరలో 1989లో ఆమె పనులను రెండు తీరులుగా చూశారు: పని మొత్తం ఒకే చేతిలో ఉండేవి, ముక్కలుగా విడగొట్టి ఆదేశాల ప్రకారం చేయించేవి. రెండోదానికి ఆమె ఉదాహరణ ప్రాచీన చైనా కంచు పోత. ఏ పథకాన్నైనా తూచడానికి కొన్ని ప్రశ్నలు కూడా ఇచ్చారు: న్యాయాన్ని పెంచుతుందా, ఇచ్చిపుచ్చుకోవడాన్ని నిలబెడుతుందా, మనుషుల వైపా యంత్రాల వైపా, వెనక్కి తీసుకోగలిగినదాన్ని ఎంచుకుంటుందా. ఈ చివరి ప్రశ్నే ఇక్కడ అసలు గీటురాయి.

బోర్డు తయారీ కేంద్రానికి వెళ్లేది గెర్బర్ ఫైళ్లు. వాటి ప్రమాణం బహిరంగమే, ఏ సాఫ్ట్‌వేరైనా వాటిని రాయగలదు. కానీ అవి బోర్డు పొరల బొమ్మలు మాత్రమే. ఏ భాగం ఎందుకక్కడ ఉందో, ఏ తీగ ఏ నియమానికి లోబడి నడిచిందో వాటినుంచి తిరిగి రాదు. ఆ ఆలోచన సాఫ్ట్‌వేర్ సొంత ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలును మరొకరు చదవలేకపోతే డిజైనరు తాను వేసిన బోర్డుకే అతిథి అవుతాడు. ఈగిల్ చరిత్ర ఈ విషయంలో రెండు వైపులా చెబుతుంది. ఆటోడెస్క్ కంపెనీ దాన్ని 2016లో కొని, మరుసటి ఏడాది చందా పద్ధతికి మార్చి, 2026 జూన్ 7తో ముగిస్తామని 2023లో ప్రకటించింది. అయినా 6వ వెర్షన్ నుంచి దాని ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్ పాఠంగా ఉండడంవల్ల 2018లో కీక్యాడ్ 5 వాటిని చదవగలిగింది. మూసిన సాఫ్ట్‌వేరే, కానీ గడియ పెట్టని తలుపు. కీక్యాడ్ ఫైళ్లు మామూలు పాఠంగానే ఉంటాయి. అయినా కొత్త వెర్షన్‌లో దాచినదాన్ని పాత వెర్షన్ తెరవదు. ఫ్రాంక్లిన్ ప్రశ్నకు అదీ పూర్తి మార్కులు తెచ్చుకోలేదు.

ఫైళ్ల సంగతి అలా ఉంచినా, కీక్యాడ్‌లో గీసిన బోర్డు మీద కూర్చునే చిప్‌ల లోపలి డిజైను సాధారణంగా రహస్యమే. శుద్ధిని చివరిదాకా తరుముతూ పోతే బోర్డే తయారుకాదు. అందుకే జట్టు వాడకం, ఖాతాదారు పట్టుదల వంటి కారణాలతో మూసిన సాఫ్ట్‌వేర్ తప్పనిసరైనచోట స్కీమాటిక్‌ను, కనెక్షన్ల జాబితా అయిన నెట్‌లిస్టును, గెర్బర్లను ప్రతి విడుదలతోపాటు బయటకు రాసి ఉంచడం ఇంజనీర్లకు తెలిసిన పద్ధతి. దానివల్ల కనెక్షన్లు దక్కుతాయి, డిజైన్ నియమాలు దక్కవు.