మీ ఊరి కైఫీయతు మీరే రాయండి

బిడ్డలారా,

మీలో కొందరు బెంగుళూరులో ఉన్నారు, కొందరు హైదరాబాదులో, ఇంకొందరు కువైట్‌లో, ఇంగ్లండులో, అమెరికాలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు ఏ ఇంటికి పోయినా వసారాలో ఇద్దరు ముసలివాళ్లు, గోడమీద ఫొటోల్లో పిల్లలు. మీరు ఊరు విడిచి పోయినందుకు నాకు బాధ లేదు. వానను నమ్ముకొని బతికే అగచాట్లు మీకు తప్పాలనే మీ అమ్మానాయనలు చేన్లు కుదువపెట్టి చదివించారు. పోయినచోట చల్లగా ఉండండి. నేను చెప్పేది ఒక్కటే. మీ ఊరి సంగతి, మీ ఇంటి సంగతి పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అనుకుంటే, అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు.

ఊరి సంగతులు రాసిపెట్టడం మన రాయలసీమకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీవాళ్లకు ఇచ్చేసిన తర్వాత, కాలిన్ మెకంజీ అనే దొర ఊరూరికీ మనుషులను పంపించాడు. వాళ్లు కరణాల దగ్గరుండే దండకవిలెలు చూసి, పెద్దవాళ్లను విచారించి, ఒక్కొక్క ఊరికి కైఫీయతు, అంటే ఊరి చరిత్ర, రాశారు. తర్వాత సి.పి. బ్రౌను దొర ఇలాంటి రాతలకు నకళ్లు తీయించి కాపాడాడు. మన కడప జిల్లా కైఫీయతులు ఇప్పుడు సంపుటాలుగా అచ్చులో ఉన్నాయి. ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, పొలిమేర ఎందాక అనేవి వాటిలో దొరుకుతాయి. కడపకు పోయినప్పుడు బ్రౌను గ్రంథాలయంలో ఒక పూట కూర్చుని మీ ఊరి పేరు వెతకండి.

అయితే కైఫీయతుల్లో లేనివాళ్లు చాలామంది ఉన్నారు. కలుపు తీసిన ఆడమనిషి లేదు. బావి నీళ్లు తోడే కపిల తోలిన జీతగాడు లేడు. కుండలు చేసినామె, చెప్పులు కుట్టినాయన, కాన్పులు చేసిన మంత్రసాని లేరు. అప్పుడు అడిగింది కరణాన్ని, రెడ్డిని, పూజారిని. మిగిలినవాళ్లను అడిగే పని మీకు మిగిలింది.

ఇంకో లోటు కూడా ఉంది. రంగశాయిపురంలో పుట్టిన కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లమీదనే పరిశోధన చేసి పుస్తకం రాశారు. ఊర్ల పేర్లకు ఆ విధంగా ఒక దిక్కు దొరికింది. మరి చేన్ల పేర్లో? వంక చేను, మద్దిమాను చేను, దిన్నె చేను, కొండకింద చేను అని ప్రతి చేనుకూ ఒక పేరుండేది. పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరే ఉంటుంది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినాయి. చేను పేరు చెప్పగానే హద్దులు, వారసులు చెప్పగలిగిన మనుషులు ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక పెద్ద కాగితం తీసుకొని ఊరి పటం గీయండి. చేన్లు, బావులు, వంకలు, రచ్చకట్ట, పీర్ల చావిడి, సుంకులమ్మ గుడి, ఏ వీధిలో ఎవరుండేవాళ్లో దాంట్లో రాయండి. ఆ కాగితం నడుమ పెట్టుకుంటే పెద్దవాళ్లకు మాటలు వాటంతట అవే వస్తాయి.

అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. “ఆ కాలంలో ఎట్లుండేది జేజీ?” అంటే, “ఏముందిలే నాయనా, కష్టాలే” అని ఊరుకుంటుంది. పని గురించి అడగండి. “పాతరలో నుంచి జొన్నలు ఎట్లా తీసేవాళ్లు?” అనండి. నల్లరేగడి ఊళ్లలో నేలలోపల గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేవాళ్లు. మూత తీసిన వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు. గాలి పోనిచ్చి, దీపం దించి చూసేవాళ్లు. దీపం కొండెక్కితే ఇంకా ఆగేవాళ్లు, నిలబడితేనే మనిషిని దించేవాళ్లు. ఒక్క పాతర గురించి అడిగితే, ఆ జొన్నలు ఏ ఏటివి, ఎవరికి నాగు (గింజల అప్పు) ఇచ్చారు, ఎవరు తిరిగి ఇవ్వలేకపోయారు అన్నీ బయటికి వస్తాయి.

పులివెందుల పక్క ఊళ్లలో కపిల గురించి అడగండి. ఎద్దులు వాలుబాటలో ముందుకు దిగుతుంటే మనిషి మోకుమీద కూర్చునేవాడు. తోలుసంచి నీళ్లతో పైకి వచ్చి కాలువలో పడగానే, ఎద్దులు మళ్లీ వెనక్కే నడిచి బావి గట్టుకు చేరేవి. తెల్లవారుజామున మొదలుపెట్టి అట్లా ఎన్నిసార్లో. తర్వాత ఆయిలింజన్లు వచ్చినాయి, కరెంటు మోటార్లు వచ్చినాయి, బోర్లు వచ్చినాయి, చీనీతోటలు వచ్చినాయి. కరువు ఏండ్లలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న రైతులు ఉన్నారు, బతికించుకోలేక నరికేసినవాళ్లూ ఉన్నారు. ఈ కథ చెప్పగల మనుషులు మీ వీధిలోనే కూర్చుని ఉన్నారు.

ఈ పని ఎంత విలువైనదో ఇంగ్లండులో ఒకాయన చేసి చూపించాడు. సఫోక్ ప్రాంతంలో బ్లాక్స్‌హాల్ అని ఒక చిన్న పల్లె. జార్జ్ ఎవార్ట్ ఇవాన్స్ భార్య ఆ ఊరి బడిలో పంతులమ్మ. ఆయన ఇరుగుపొరుగు ముసలివాళ్ల దగ్గర కూర్చుని, గొర్రెలు కాసినవాళ్లు, గుర్రాలతో దున్నినవాళ్లు, గడ్డి కోసినవాళ్లు చెప్పిందంతా విని 1956లో పుస్తకం వేశాడు. ట్రాక్టరు వచ్చి గుర్రం పోతున్న కాలం అది. పని చేసినవాళ్లనే పని గురించి అడగడం ఆయన పద్ధతి. మీరు కూడా గొర్రు పట్టినవాణ్ణే విత్తనం గురించి అడగండి.

ఆడవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె రోజూ తిండి అయి, వరి అన్నం పండగనాటి తిండిగా ఉన్న కాలం వాళ్లకు తెలుసు. 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర వరుసలో నిలబడిన పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్లు. గింజలు లేని రోజు పొయ్యిమీద ఏం పెట్టారో అవ్వకే తెలుసు. ప్రొద్దుటూరుకు పత్తి బండి తోలుకొనిపోయి, ఆ డబ్బుతో బంగారు కమ్మలు తెచ్చిన రోజూ ఆమెకే గుర్తుంటుంది, అవే కమ్మలు కుదువపెట్టిన రోజూ ఆమెకే గుర్తుంటుంది. కాన్పు కష్టమైతే బండి కట్టుకొని జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రికి పోయిన రాత్రి గురించి అడగండి. మీ నాయన పుట్టుక కథ అక్కడ దొరుకుతుందేమో.

చెడ్డ సంగతులు దాచవద్దు. కులాన్ని బట్టి రెండు గ్లాసులు పెట్టిన హోటలు, మాలమాదిగలను దగ్గరికి రానీయని బావి మన ఊళ్లలో ఉండేవి. వాటిని మీ కైఫీయతులో రాయండి. ఆ బావి దగ్గర దూరంగా నిలబడినవాళ్ల ఇంటికి పోయి, వాళ్ల నోటివెంటే వినండి. ముఠాకక్షలను పౌరుషం కథలుగా చెప్పేవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు. మీరు వాళ్ల మాట పక్కన పెట్టి, ఆ ఏడు ఏ ఇంటి తలుపు మూతపడిందో, ఏ తల్లి బిడ్డలను తీసుకొని పుట్టింటికి పోయిందో రాయండి. మంచి మాత్రమే రాస్తే అది పొగడ్త అవుతుంది. మీ పిల్లలకు కావలసింది నిజం.

తొందర ఎందుకంటే, ఊరు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుందనే నమ్మకం మన కండ్ల ముందే పోయింది. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఇండ్లలోకి నీళ్లు వచ్చినాయి. జనం సామాన్లు మోసుకొని కొత్త కాలనీలకు పోవలసి వచ్చింది. 26.85 టీఎంసీల జలాశయం అది. ఆ నీళ్లు మన సీమ గొంతు తడుపుతాయి, కాదనను. నీళ్ల కోసం ఊళ్లను ఇచ్చిన ఆ జనానికి మనమంతా రుణపడి ఉన్నాం. కాబట్టి ముంపు ఊళ్ల బిడ్డలు ఈ పని అందరికంటే ముందు మొదలుపెట్టాలి. కాలనీలో ఇండ్లు వరుసగా ఉంటాయి, పాత వీధిలో ఎవరి పక్కన ఎవరుండేవాళ్లో ఆ వరుసలు చెప్పవు.

వచ్చే సెలవులకు ఊరికి రాండి. ఫోనులో మాట రికార్డు చేసుకోండి, చెప్పినవాళ్ల అనుమతి అడగండి, వాళ్ల యాసను సవరించకుండా ఉన్నదున్నట్టు రాయండి, తేదీ వేయండి. రాసినది ఒక ప్రతి ఊరి బడిలో, ఒక ప్రతి చెప్పినవాళ్ల ఇంట్లో పెట్టండి. పుస్తకం కాకపోయినా ఫరవాలేదు, నలభై పేజీల నోటుబుక్కు చాలు. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు “తిన్యావా జేజీ?” అన్న తర్వాత పెట్టేయకుండా ఇంకొక్క ప్రశ్న అడగండి. మీ పని మొదలైనట్టే.