మరణించినవారి మాటలకు వారసులెవరు?

2012లో బెర్లిన్ నగరంలో ఒక పదిహేనేళ్ల అమ్మాయి మెట్రో రైలు కింద పడి చనిపోయింది. అది ప్రమాదమో, ఆత్మహత్యో తేలలేదు. తల్లిదండ్రుల దగ్గర ఆమె ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ ఉంది. కానీ అప్పటికే ఆ ఖాతా స్మారక ఖాతాగా మారిపోయింది కాబట్టి పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి వెళ్లే దారి లేదు. చివరి రోజుల్లో కూతురు ఎవరితో ఏం మాట్లాడిందో చదివితే ఆమె ఎందుకు పోయిందో తెలుస్తుందని వాళ్ల ఆశ. పైగా ఆ రైలు నడిపిన డ్రైవరు తనకు కలిగిన మానసిక క్షోభకు పరిహారం అడుగుతున్నాడు. కింది కోర్టు 2015లో తల్లిదండ్రుల పక్షాన తీర్పిచ్చింది, పై కోర్టు 2017లో దాన్ని తోసిపుచ్చింది. చివరికి 2018 జులై 12న జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం, సంస్థతో ఆ అమ్మాయి చేసుకున్న ఒప్పందం మిగతా ఆస్తిలాగే వారసులకు సంక్రమిస్తుందని తేల్చింది. సంస్థ 14 వేలకు పైగా పేజీల పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, అది చాలదనీ, ఖాతాలోకే ప్రవేశం ఇవ్వాలనీ 2020లో అదే కోర్టు చెప్పింది.

ఆ తల్లిదండ్రుల వేదనను శంకించే హక్కు ఎవరికీ లేదు. తీర్పు కూడా తొందరపాటుది కాదు. డైరీలు, ఉత్తరాలు ఎప్పటినుంచో వారసులకు చేరుతున్నాయి, కాగితం మీద ఉన్నదానికో న్యాయం, సర్వర్‌లో ఉన్నదానికో న్యాయం ఎందుకని కోర్టు అడిగింది. సందేశం పంపినవారు దాన్ని ఒక ఖాతాకు పంపారు, ఆ ఖాతా రేపు వారసుల చేతికి రావచ్చని వాళ్లు ఊహించుకోవలసిందేనని కూడా అంది. అయినా ఈ తర్కం ఒక ముఖ్యమైన విషయాన్ని దాటేసిందని నేను అనుకుంటున్నాను. ఒక మనిషి ఖాతాలో ఉన్నదంతా ఆ మనిషిది కాదు. అందులో కొంత ఆస్తి. కొంత మాత్రం ఇతరులు నమ్మి అప్పగించినది. బతికున్నంతకాలం స్నేహితురాలి మాటను ఎవరికి చెప్పాలో, ఎవరి దగ్గర దాచాలో ఆ అమ్మాయి ప్రతిసారీ తూకం వేసుకుని ఉంటుంది. చావుతో పోయింది ఆ తూకం వేసే మనిషి. వారసులకు ఉత్తరాలు చేరతాయి గానీ ఆ ఉత్తరాల విషయంలో పోయిన మనిషికి ఉన్న విచక్షణ చేరదు. ఆస్తి వారసులది కావాలి, అప్పగింత మాత్రం మూసే ఉండాలన్నదే నా వాదన.

ఈ తేడా మన ధర్మశాస్త్రాలకు తెలుసు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు చేశాడు. వారసత్వ న్యాయాన్ని తెలుగులో తర్కించుకోవడం అంత పాతది. ఆ స్మృతిలో దాయవిభాగం ఒక ప్రకరణం, ఉపనిధి వేరే ప్రకరణం. లోపల ఏముందో చెప్పకుండా, మూసిన పెట్టెలో పెట్టి ఒకరి చేతికి అప్పగించిన వస్తువు ఉపనిధి. దాన్ని ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పాలి. తన ఇష్టానికి వాడుకున్నవాడికి దండన ఉంది, వాడుకున్నదానికి లాభంతో సహా చెల్లించే బాధ్యత ఉంది. అలాంటి పెట్టె ఇంట్లో ఉండగా ఇంటిపెద్ద పోతే కొడుకులు దాన్ని పంచుకోలేరు, అది తండ్రి సొమ్మే కాదు కాబట్టి. ఇంకో సంగతీ చూడాలి. తండ్రి అప్పు కొడుకు తీర్చాలని శాస్త్రం గట్టిగా చెప్పింది. కానీ తాగుడు కోసం, జూదం కోసం, కామం కోసం చేసిన అప్పులను మినహాయించింది. అంటే వారసుడు పోయినవాడి స్థానంలో పూర్తిగా నిలబడడు, తండ్రి జీవితంలో కొడుక్కి సంక్రమించని భాగం ఒకటి ఉందన్నమాట. కూతుళ్లకూ కింది కులాలకూ ఆ శాస్త్రాలు చేసిన అన్యాయం తెలిసే ఈ మాట అంటున్నాను. నేను ఆశ్రయించేది వాటి అధికారాన్ని కాదు, ఈ ఒక్క వివేచనను. ఖాతా మొత్తాన్ని ఒకే ముద్దగా వారసుల చేతికిచ్చిన జర్మన్ తీర్పులో ఈ వివేచన లేదు.

కాగితం ఉత్తరాల సంగతేమిటన్నది బలమైన అభ్యంతరమే. అవి నిజంగానే వారసుల చేతికి వచ్చేవి. అయితే ఏ ఉత్తరాలు? పోయిన మనిషి దాచుకున్నవి. చింపేసినవి, పొయ్యిలో వేసినవి రాలేదు. ట్రంకుపెట్టెలో మిగిలిన కట్ట ఒక మనిషి జీవితకాలం పాటు చేసిన ఎంపిక. మన ఫోన్లలో మిగిలినవి ఎవరూ ఎంపిక చేసినవి కావు. చెరపడానికి పూనుకోకపోతే ప్రతి మాటా నిలిచిపోయేలా ఆ యంత్రాలను తయారుచేశారు. అర్ధరాత్రి కోపంలో పంపిన మాట, స్నేహితురాలు తన భర్త గురించి చెప్పుకున్న గోడు, సహోద్యోగి రోగం కబురు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. 14 వేల పేజీలు ఏ అమ్మాయీ కావాలని దాచుకున్న ఉత్తరాల కట్ట కాదు. గురజాడ డైరీలు, ఉత్తరాలు ఆయన పోయాక అచ్చులోకి రాకపోతే ఆ మనసు పనిచేసిన తీరు మనకు ఇంత తెలిసేది కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అక్కడ మధ్యలో కాలం నడిచింది. అవి అచ్చుకెక్కేనాటికి ఆ ఉత్తరాల్లో కనిపించే మనుషుల్లో చాలామంది గాయపడే దశ దాటిపోయారు. చరిత్ర కోసం దశాబ్దాల తర్వాత తెరవడం వేరు, పన్నెండో రోజు కర్మ ముగిసిన వారానికే తెరవడం వేరు. ఇక బెర్లిన్ తల్లిదండ్రుల లాంటి వాళ్లకు దారి మూసెయ్యాలని నేను అనడం లేదు. కోర్టు నియమించిన ఒకరు ఆ చివరి వారాల సందేశాలను ఒకే ప్రశ్నతో చదివి, దొరికిన జవాబును వాళ్లకు చెప్పవచ్చు. పరిహారం కేసుకు కావలసింది కూడా అంతే.

పోయినవాళ్లకు గోప్యత ఎక్కడిదని రెండో అభ్యంతరం. దేహం కాలిపోయాక నొప్పి పడేవాడు లేడని చార్వాకులు ఏనాడో అన్నారు. మన కోర్టులదీ దాదాపు అదే దారి. జయలలిత జీవితం మీద తీస్తున్న సినిమాను ఆపాలని ఆమె మేనకోడలు వేసిన కేసులో, ఒక వ్యక్తి గోప్యత ఆ వ్యక్తితోనే ముగుస్తుందనీ, వారసులకు సంక్రమించదనీ 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. సరే, గోప్యత సంక్రమించదనే అనుకుందాం. అప్పుడు దాన్ని వదులుకునే అధికారం కూడా వారసులకు సంక్రమించదు కదా! తమది కాని హక్కును తమ చేతులతో రద్దు చెయ్యడం ఎలా కుదురుతుంది? పైగా ఆ సంభాషణలో రెండో మనిషి బతికే ఉన్నాడు. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. తను మాట్లాడిన మనిషి పోయినంత మాత్రాన ఆ హక్కు అతనికి పోదు. మరణించినవారికి ఇష్టాయిష్టాలే లేవని అనడమూ మనకు చెల్లదు. రెండెకరాల మాగాణి ఎవరికి చెందాలో వీలునామాలో రాసిన మాటను చనిపోయాక కూడా శిరసావహిస్తున్నాం. మాగాణి విషయంలో మిగిలిన ఇష్టం మాటల విషయంలో మాత్రం చితితో పోయిందని చెప్పడానికి కారణం కనబడదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరే వైపు నుంచి వస్తుంది. భర్త పోయిన ఇల్లాలికి ఏ బ్యాంకులో ఎంత ఉందో, డీమ్యాట్ ఖాతా ఉందో లేదో తెలియదు. ఒకప్పుడు బీరువాలో పాస్‌బుక్కులు, బాండ్లు దొరికేవి. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే. సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే మెయిల్ తెరుచుకోదు, మెయిల్ తెరుచుకోకపోతే డబ్బు ఎక్కడుందో తెలిసే దారే లేదు. ఎవరూ అడగని డిపాజిట్ల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధిలో 2024 మార్చి నాటికి 78 వేల కోట్ల రూపాయలు దాటింది. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టవలసి వచ్చింది. ఈ స్థితిలో గోప్యత పేరు చెప్పి ఫోను మూసిపెట్టమంటే దెబ్బ ఆ ఇల్లాలికే తగులుతుంది. అందుకే డబ్బుకు సంబంధించిన ఆచూకీ పూర్తిగా, వెంటనే, ఖర్చు లేకుండా వారసులకు అందాలి. ఒక మనిషి పేరున్న బ్యాంకు, బీమా, షేర్ల ఖాతాలన్నిటి జాబితా మరణ ధ్రువపత్రం చూపితే ఒకేచోట దొరికితే, ఆమె ఆ మనిషి వాట్సాప్ తెరవవలసిన అవసరమే రాదు. ఈనాడు కుటుంబాలు సంభాషణల్లోకి దిగుతున్నది చాలాసార్లు కుతూహలంతో కాదు, డబ్బు ఆచూకీకి వేరే దారి లేక. ఆ దారి వేస్తే డబ్బు అవసరం, గోప్యత అవసరం ఒకదానితో ఒకటి తగవులాడవు. కుటుంబ ఫొటోలు, రాసుకున్న కథలు, వ్యాపారం లెక్కలు కూడా ఆస్తి పక్కనే నిలబడాలి, వాటిని తయారుచేసింది ఆ మనిషే కాబట్టి.

స్పృహ తప్పినవారి విషయం ఇంతకన్నా జటిలం, మన చర్చల్లో దీనికి దొరికే చోటు మాత్రం తక్కువ. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషినో, కోమాలో ఉన్న మనిషినో సగం చనిపోయినట్టు లెక్కవెయ్యడం పెద్ద పొరపాటు. ఆ మనిషి బతికే ఉన్నాడు, రాజ్యాంగం ఇచ్చిన గోప్యత చెక్కుచెదరకుండా ఉంది, రేపు లేచి కూర్చుని నా ఫోను ఎవరు చూశారని అడగవచ్చు. అవసరమేమో మరణంలోకన్నా తొందరది. ఆసుపత్రి బిల్లు ఈ పూటే కట్టాలి. మన చట్టం ఇక్కడే చెయ్యి వదిలేస్తుంది. ముందుజాగ్రత్తగా పవరాఫ్ అటార్నీ రాసిచ్చినా, రాసిచ్చినవారి మతి చెదిరితే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అది రద్దవుతుంది. అంటే ఏ రోజు కోసం రాశారో ఆ రోజే పనికిరాకుండా పోతుంది. కోమాలో ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించే ప్రత్యేక చట్టం లేక భార్యలు, పిల్లలు హైకోర్టు మెట్లెక్కుతున్నారు. కేరళ హైకోర్టు 2019లో ఇలాంటి కేసులోనే సొంతంగా మార్గదర్శకాలు రాయవలసి వచ్చింది. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఒక మంచి ఊహ ఉంది. దాని 14వ సెక్షన్ పరిమిత సంరక్షణ గురించి చెబుతుంది. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, ఆ మనిషి ఇష్టాన్ని అనుసరించి, సంరక్షకుడూ ఆ మనిషీ కలిసి నిర్ణయం తీసుకునే పద్ధతి అది. డిజిటల్ ఖాతాలకు దీన్ని వర్తింపజేస్తే, సంరక్షకుడు బిల్లు కట్టడానికి బ్యాంకు యాప్ తెరుస్తాడు, ఆఫీసుకు సెలవు చెప్పడానికి ఒక మెయిల్ పంపుతాడు, ఏం తెరిచాడో రాసిపెడతాడు. మతిమరపు ముదిరిన తల్లి పాత సందేశాలు చూపమంటే ఆమె పక్కన కూర్చుని చూపిస్తాడు, ఆమె లేనప్పుడు తిరగెయ్యడు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షన్‌లో మరణానికీ అశక్తతకూ కలిపి నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఇది ముందడుగే. కానీ ఆ నామినీ చేతికి వచ్చే హక్కుల్లో డేటాను చెరిపించే హక్కు కూడా ఉంది. నామినీ సొత్తు పుచ్చుకునే చెయ్యి మాత్రమేననీ, యజమాని కాదనీ 1983లో బీమా కేసులోనూ, 2023లో షేర్ల కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు వారసులకు చెందవలసిన ఫొటోలను, రాతప్రతులను నామినీ ఒక్క అర్జీతో చెరిపించగలడా? చట్టం చెప్పలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2015 నాటి నమూనా చట్టాన్ని అనుసరించి వరుస పెట్టాయి. ముందు ఖాతాలోనే మనిషి ఎంచుకున్నది, తర్వాత వీలునామా, ఆ తర్వాతే కంపెనీ షరతులు. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో తల్లిదండ్రులుండి టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు చాలామందికి ఈ వరుసే వర్తిస్తుంది. గూగుల్ 2013 నుంచే, ఎన్ని నెలలు ఖాతా కదలకపోతే ఎవరికి ఏ భాగం చేరాలో ఎంచుకోనిస్తోంది. ఫేస్‌బుక్ 2015లో తెచ్చిన ఏర్పాటులో, మనం నియమించిన మనిషి స్మారక పేజీని చూసుకోగలడు గానీ సందేశాలు చదవలేడు. మన దేశంలో ఇలా ఎంచుకున్నదానికి వీలునామా బలం లేదు. ఐటీ చట్టం మొదటి షెడ్యూలు వీలునామాలను తన పరిధినుంచి తప్పించింది కాబట్టి, తెర మీద రాసినది వీలునామా కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలున్న కాగితమే కావాలి. పార్లమెంటు 14వ సెక్షన్‌కు చెయ్యవలసిన సవరణ పెద్దదేమీ కాదు. డబ్బుకు ఒక నామినీ, ఫొటోలకూ రాతలకూ ఒక నామినీ, సంభాషణలకు తెరవాలా, మూసి ఉంచాలా, చెరిపెయ్యాలా అన్న వేరు ప్రశ్న, ఏమీ చెప్పకుండా పోతే సంభాషణలు మూసే ఉండటం. నామినీ చెరిపెయ్యమని అడిగినా, వారసులు అభ్యంతరం చెప్పుకోవడానికి కనీసం ఆరు నెలల గడువు ఇచ్చాకే కంపెనీ ఆ పని చెయ్యాలి.