లెక్కకు రాని బిడ్డలు

ఏ లెక్కయైనను రెండు విధములుగా తప్పవచ్చును. కూడికలో పొరపాటు వచ్చుట ఒకటి. చేరవలసినవారు పట్టీలో చేరకపోవుట రెండవది. మొదటిదానిని మరల కూడి దిద్దుకొనవచ్చును. రెండవది కాగితము మీద కానరాదు. బహుకాలము గుమాస్తా పనిలో హాజరు పట్టీలు వ్రాసినవారము గనుక ఈ భేదము మాకు తెలియును.

మన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనులు నడచిన దినములలో ప్రతి షిఫ్టునకును దిగినవారెందరు, పైకి వచ్చినవారెందరు అని సరిచూచుట విధి. అట్లుగాక పైకి వచ్చినవారిని మాత్రమే నిలిపి, "అందరును క్షేమమేనా?" అని అడిగినచో, "క్షేమమే" అను బదులే కదా వచ్చును!

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వలన బడులు మూతపడి, చదువు ఫోనులోనికి వచ్చినది. ప్రపంచమున నూట యేబది కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమైరని యునెస్కో ప్రకటించినది. విద్వాంసులు వెంటనే పరిశోధనలకు పూనుకొనిరి. తొలినాటి వ్యాసములలో అనేకము విద్యార్థుల తృప్తిని, ఉపాధ్యాయుల నేర్పును విచారించినవి. ఆ ప్రశ్నపత్రములును తరచుగా ఫోనులోనే పంపబడినవి. ఫోను లేని బిడ్డ పాఠమునకును దూరమే, ప్రశ్నకును దూరమే.

క్రమముగా పరిశోధన దారి మళ్లినది. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయమువారు మన కర్ణాటకతో కూడ 5 రాష్ట్రములలో, 1,137 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 16,067 మంది బాలబాలికలను పరీక్షించి, 2021 ఫిబ్రవరిలో ఫలితము ప్రకటించిరి. నూటికి 92 మంది వెనుకటి యేడు నేర్చిన భాషాసామర్థ్యములలో ఒకటియైనను కోల్పోయిరి. అదే సంవత్సరము ఆగస్టులో మరికొందరు 15 రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలోని పేదల యిండ్లకు స్వయముగా పోయి విచారింపగా, పల్లెలలో క్రమముగా ఆన్‌లైన్ పాఠములు చదువుచున్నవారు నూటికి 8 మందియే యని తేలినది.

మహమ్మారి వేళ ఇల్లిల్లు తిరుగుట సాధ్యమా యని కొందరు అడుగవచ్చును. న్యాయమే. ఫోనులో అడుగుట దోషము కాదు. ఫోను గలవారి మాటను విద్యార్థులందరి మాటగా వ్రాయుటయే దోషము.

ఈ దోషము విద్వాంసులదే యనుటకు మాకు నోరు రాదు. మా మనుమడు గదిలో కూర్చుండి పాఠము వినుచుండగా, "పిల్లల చదువులు చక్కగా సాగుచున్నవి" అని మేమును బంధువులతో చెప్పితిమి. మా వీధిలోనే యొక బాలుడుండెను. ఇంటికంతటికి ఒకటే ఫోను. అది పగలెల్ల బెంగుళూరు పనికి పోవు తండ్రి జేబులో నుండెడిది. ఆ బాలుడొకనాడు నోటు పుస్తకము చేతపట్టుకొని, "తాతా, ఈవేళ పాఠమేమి?" అని మా గుమ్మము వద్దకు వచ్చెను. అంటువ్యాధి భయముచేత మేము తలుపు తీయక, కిటికీ నుండియే పంపివేసితిమి. అతడు మరల రాలేదు. భయము నిజమే, కాని పాఠము కాగితము మీద వ్రాసి గడపపై నుంచుటకు ఏమి యడ్డము? ఈ ప్రశ్నకు నేటికిని మా యొద్ద బదులు లేదు.

మన సంఘములో ఏటేట పిల్లలకు బహుమతులు పంచుచున్నాము. మెచ్చదగినదే. వచ్చిన పిల్లలను లెక్కించుటకు ముందు, రావలసినవారి పట్టీ యొకటి వ్రాయుదము. దిగినవారి పేర్లు తెలిసిననే గదా, పైకి రానివారికై వెదకగలము!