వదులు

మా ఆత్మకూర్‌లో చలికాలమంటే, సంక్రాంతికి ముందు ఓ పదిహేను రోజులు పిల్లలు పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తోందా లేదా అని ఊదుకుని చూసుకోవడమే. పొద్దెక్కగానే ఆ సంబరం కాస్తా తీరిపోతుంది. జూరాల నీళ్ళ మీంచి గాలి వీచిన రోజున పెద్దవాళ్ళు చెవులకు రుమాలు చుట్టుకుంటారు. కాళ్ళ సంగతి ఎవరూ తలపెట్టరు. మా కాళ్ళకు తెలిసిన బాధలు నేల కాలడమూ, మడమలు పగలడమూ, పల్లేరుకాయలు గుచ్చుకోవడమూను. అలాంటి ఊళ్ళో పుట్టి అరవై దాటినవాణ్ణి, నేను మంచుబూట్లు ఎంచబోయాను. ఎంచి, ఒక ఆడపిల్ల కాలివేలి మీదికి తెచ్చాను. ఆ కథ చెబుతాను. మీరు నవ్వినా ఫరవాలేదు, సగం దాకా నేనూ నవ్వినవాణ్ణే.

మా తమ్ముడి కూతురికి కెనడాలో, విన్నిపెగ్ అనే ఊళ్ళో చదువుకు సీటొచ్చింది. జనవరిలో ప్రయాణం. అక్కడ ఆ నెల సగటు చలే మైనస్ 16 డిగ్రీల దగ్గర ఉంటుందట, కొన్ని రాత్రులు మైనస్ 30 కూడా దాటుతుందట. తమ్ముడు ఫీజులకే అప్పు చేశాడు గనక, బూట్లు నేను కొనిస్తానన్నాను. కొనిచ్చేవాడికి ఎంచే హక్కు కూడా దానంతటదే వచ్చేస్తుందని నా నమ్మకం. హైదరాబాదు వెళ్ళాం. ఆబిడ్స్‌లో ఒక దుకాణంవాడు లోపల బొచ్చుబొచ్చుగా ఉన్న బూట్లు తీశాడు. పెట్టె మీద "మైనస్ 30 వరకు" అని ఉంది. పిల్ల పల్చని నూలు మేజోళ్ళతో తొడిగి చూసింది. అతికినట్టు పట్టాయి.

"ఇంకో నంబరు పెద్దయి చూద్దామా పెద్దనాయినా?" అంది.

"వద్దు బిడ్డా. తోలు సాగుతది. ఇయ్యాల బిగువుగుంటేనే రేపు సరిపోతది" అన్నాను.

ఈ జ్ఞానం నాది కాదు, మా తాతలది. మా చిన్నప్పుడు కిర్రుచెప్పులు కుట్టే ముసలాయన తోలు మీద మా పాదం పెట్టించి బొగ్గుతో గీత గీసేవాడు. కుట్టేటప్పుడు ఆ గీతకు కాస్త లోపలికే కుట్టేవాడు. "కొత్తల కరుస్తయి దొరా, ఆముదం పెట్టున్రి, తర్వాత అవే మెత్తవడతయి" అనేవాడు. ఆయన మాట అబద్ధం కాలేదు. (ఊరందరికీ చెప్పులు కుట్టిన ఆ మనిషి, పెద్దిళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు తన చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు. అది అప్పట్లో మాకు వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.) కొత్తగా కాపురానికి పోయే ఆడపిల్లలకు కూడా మనం చెప్పేది ఈ చెప్పుల మాటే గదా. కొత్తల కరుస్తది, తర్వాత సర్దుకుంటది!

విన్నిపెగ్ చేరాక ఫోను చేస్తే మొదట అడిగింది బూట్ల గురించే. "మంచిగున్నయా బిడ్డా?" "మంచిగున్నయి పెద్దనాయినా." నెలకోసారి అడిగాను. నెలకోసారి అదే జవాబు. ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

ఏడాదిన్నర తర్వాత సెలవులకొచ్చింది. మా ఇంటావిడ దాని కాళ్ళకు పసుపు రాస్తూ, ఎడమకాలి చిటికెనవేలు తాకగానే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. అప్పుడు బయటపడింది సంగతి. మొదటి చలికాలంలోనే ఒకనాడు బస్సు కోసం అరగంట నిలబడిందట. బూట్లో రెండో జత మేజోళ్ళు పట్టక, ఉన్నది బిగుతుగా లాక్కుని పోయింది. మొదట వేళ్ళు మండాయి, తర్వాత నొప్పి పెట్టాయి, ఆ తర్వాత నొప్పి పోయింది. "పోయిందని సంబరపడ్డ పెద్దమ్మా" అంది నవ్వుతూ. గదికెళ్ళి చూసుకుంటే వేలు మైనంలా తెల్లబడి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో పెడితే ప్రాణం పోయినంత మంట. బొబ్బలెక్కి తోలూడింది. లోతుకు పోలేదు గనక వేలు దక్కింది. కానీ ఇప్పటికీ చలి తగిలితే చాలు, ఆ వేలే ముందు చెబుతుందట. తర్వాత తన డబ్బుతో వేరే బూట్లు కొనుక్కుంది. నాకు మాత్రం "మంచిగున్నయి" అంటూనే ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత చదివి తెలుసుకున్నదేమంటే, బూటు వేడి పుట్టించదు. పొయ్యి మన పాదమే. నెత్తురు తెచ్చే వేడిని పోనివ్వకుండా కాపాడేది ఉన్నిలోనూ, బూటు లోపలా కదలకుండా నిలిచిన గాలి. బిగిస్తే ఆ గాలీ పోతుంది, నెత్తురు రాకా తగ్గుతుంది. వేళ్ళు లోపల ఆడాలి. నూలు మేజోడు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఉన్నిది తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. చలి కింద నేలలోంచీ వస్తుంది గనక అట్ట మందంగా ఉండాలి. లోపలి ఉన్ని తొడుగు ఊడదీసి రాత్రి ఆరబెట్టుకునే వీలుండాలి. ఇక పెట్టె మీది "మైనస్ 30" ఉంది చూశారూ, అది అమ్మేవాడు తనకు తాను ఇచ్చుకున్న మార్కు. నడిచే మనిషికి సరిపోయింది బస్సు కోసం నిలబడ్డ మనిషికి సరిపోదు.

ఇదంతా నేను పుస్తకాల్లో వెతకాల్సిన పని లేదు. మా దండెం మీదే ఒక గొంగడి ఉంది. మా వైపు కురుమలు దక్కని గొర్రె ఉన్నితో నేసింది. దాన్ని నాకిచ్చినాయన, నేను భుజాల చుట్టూ బిగించి కప్పుకుంటే చూసి, "బిగవట్టి కప్పుకుంటె ఏం వెచ్చగుంటది సారూ? వదులుగ వెయ్యి" అన్నాడు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఎండదేశపు చెప్పు చెప్పిన మాట గుర్తుంది, చలిరాత్రి గొర్రెల మందల్లో పడుకున్న గొంగడి మాట మరిచాను.

1911లో దక్షిణ ధ్రువానికి బయల్దేరిన అముండ్‌సెన్ సంగతి చూడండి. తొందరపడి సెప్టెంబరులోనే కదిలాడు. కొందరి మడమలు గడ్డకట్టి వెనక్కి రావలసి వచ్చింది. వాళ్ళు ఆ శిబిరంలో బూట్లను ఊడదీసి మళ్ళీ కుట్టారు, ఒకసారి కాదు, పలుమార్లు, మరిన్ని మేజోళ్ళు పట్టేలా పెద్దవి చేస్తూ. డిసెంబరు 14న ధ్రువం చేరారు. ఎంచినవాడూ తొడిగినవాడూ ఒకడే గనక, కాలు చెప్పిన మాట చేతికి అందింది. టొరంటోలో ఒక పరిశోధనశాల ఉంది. మనుషులకు బూట్లు తొడిగించి, మంచునేలను ఏటవాలుగా పైకెత్తుతూ ఎక్కడ జారుతారో చూస్తారు. 7 డిగ్రీల వాలు దాకా నిలబడితేనే మార్కు. 2016లో 98 రకాలు పరీక్షిస్తే నూటికి తొంభై తప్పాయి. అక్కడా తీర్పు కాలిదే, పెట్టెది కాదు.

ఇక 1962 అక్టోబరు. మైదానాల నుంచి మన జవాన్లను నేఫా కొండల మీదికి నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో పంపారు. ఆ బూట్లు చాలునని కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళ కాళ్ళు ఢిల్లీలో ఉన్నాయి. "ఇవి చాలవు" అనే వీలు ఆ జవానుకు లేదు. మా పిల్లకు ఉంది. ఉండీ నా ముఖం చూసి అనలేదు. ఏది ఎక్కువ కష్టమో నాకు తేలడం లేదు.

పెద్దవాళ్ళు ఎంచకుండా ఉండాలా అంటే, అదీ కుదరదు. పసిపిల్లకు చెప్పులు ఎవరో ఒకరు ఎంచాల్సిందే. అప్పు చేసి పంపిన తమ్ముడూ ఒక విధంగా ఎంచినవాడే. అబద్ధమాడిన పిల్లదే తప్పందామా అంటే, నేను మా ఇంటావిడతో ఒకసారి అనే చూశాను. "నెలకొకసారైనా అడిగిన గదా, చెప్పొచ్చు గదా?" అని.

"నువ్వు అడిగినవా? 'మంచిగున్నయా బిడ్డా' అన్నవు. అది అడుగుడా?" అంది.

నిజమే. నేనడిగింది ప్రశ్న కాదు, రశీదు. డబ్బు పెట్టినందుకు చేతిలో పెట్టమన్న రశీదు. అది పాపం నెలనెలా సంతకం చేసి పంపింది. "ఎక్కడన్న కరుస్తున్నయా?" అని అడిగి ఉంటే ఏమనేదో.

ఇప్పుడు వంతు తిరిగింది. పిల్ల అక్కడ ఉద్యోగంలో కుదిరి, వచ్చే డిసెంబరుకు మా ఇద్దరినీ రమ్మంటోంది. బూట్లు తనే కొనిపెడుతుందట. "నాది ఎనిమిది నంబరు" అని గొప్పగా చెప్పాను. "నంబరు వద్దు పెద్దనాయినా. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపుతున్న. రెండూ తొడుక్కొని, పొద్దుగూకినంక కాలు కాగితం మీద పెట్టి గీసి పంపు" అంది. పొద్దుగూకినాకే ఎందుకంటే, సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుందట.

మేజోళ్ళు మే నెలలో వచ్చాయి. ఆ సాయంత్రం కూడా వడగాలి తగ్గలేదు. వరండాలో పాత దినపత్రిక పరిచి, రెండు జతల ఉన్ని మేజోళ్ళతో నిలబడ్డాను. చెమట కారిపోతోంది. వాకిట్లోంచి పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మా ఇంటావిడ పెన్సిలు పట్టుకుని కింద కూర్చుంది.

"జర లోపలికే గీయి. తోలు సాగుతది" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "మెదలకు" అని, పెన్సిలును ఇంకాస్త ఎడంగా పట్టుకుంది.