గూటిలో గుడ్లున్నంత కాలం

ఎండలు ముదిరే రోజులు వచ్చేసరికి మన పులివెందుల ఇళ్ళలో ఒక చిన్న తగవు తలెత్తడం మామూలే. వంటింటి వెంటిలేటరులోనో, స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాను సందులోనో పిచ్చుకలు గూడు కడతాయి. గడ్డిపోచలు పొయ్యి మీద రాలుతాయి. రెట్టలు గోడ వెంబడి కారుతాయి. పొగ బయటికి పోక ఇల్లంతా కమ్ముకుంటుంది. ఇల్లాలు తీసిపారెయ్యమంటుంది. గుడ్లున్నాయి, వద్దని పిల్లలు ఏడుస్తారు. పిచ్చుకలు చేరిన ఇల్లు చల్లగా ఉంటుందని అవ్వ అంటుంది. ఇంటాయన నిచ్చెన పట్టుకొని ఎటూ తేల్చుకోలేక నిలబడతాడు.

గూడు తీసివేయడం తప్పా? ఇల్లు మనది, గోడ మనది, అప్పు చేసి కట్టుకున్నది మనం. అడగకుండా వచ్చి చేరిన పక్షికి మన ఇంట్లో హక్కు ఎక్కడిది? ఇది నవ్వి కొట్టివేయదగిన ప్రశ్న కాదు. సాక్షాత్తు పరిశుద్ధ గ్రంథమే దీనికి చోటిచ్చింది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనాలు తీసి చూడండి. దారిలో చెట్టు మీదనో నేల మీదనో పక్షిగూడు కనబడి, తల్లి తన గుడ్ల మీదనో పిల్లల మీదనో పొదిగి ఉంటే, తల్లిని పిల్లలతో కలిపి పట్టుకోరాదని అక్కడ నియమం ఉన్నది. పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని మాత్రం విడిచిపెట్టాలి. అలా చేసినవారికి మేలు కలుగుతుందనీ, దీర్ఘాయువు లభిస్తుందనీ వాగ్దానం కూడా ఉన్నది. అదే గ్రంథం 5వ అధ్యాయంలో తల్లిదండ్రులను గౌరవించేవారికి చెప్పిన బహుమానమూ ఇదే. కన్నవారిని గౌరవించడానికీ, గూటిలోని తల్లిపక్షిని వదిలిపెట్టడానికీ ఒకే దీవెన! యూదమత బోధకులు ఈ పోలికను చూసి, ఇంత తేలికైన ఆజ్ఞకే ఇంత ఫలం ఉంటే బరువైన ఆజ్ఞలకు ఎంత ఉంటుందో అని ఆలోచించారు.

ఇక్కడ మనకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ నియమం పిల్లలను తీసుకోనిచ్చింది కదా! మరి అందులో దయ ఎక్కడున్నది? ఆదివారం పూజ ముగియగానే కోడికూర వండుకునే మనం పిచ్చుకగుడ్ల గురించి కన్నీరు పెట్టడం వేషం కాదా? ఈ మాట అనేవారు మన మధ్య ఉన్నారు. వారి ప్రశ్నలో న్యాయం ఉన్నది కనుక సమాధానం చెప్పవలసిందే.

ఆ నియమం మాంసం తినేవారి కోసమే చెప్పబడింది. ఆకలి ఉన్నవాడు తీసుకోవచ్చునని అది ఒప్పుకున్నది. కాని తీసుకునే చేతికి ఒక హద్దు గీచింది. అందుబాటులో ఉన్నది కదా అని అంతా ఊడ్చుకుపోరాదు. తల్లి ఎగిరిపోకుండా కూర్చున్నది తన పిల్లల మీది ప్రేమ వల్లనే. ఆ ప్రేమనే వల చేసుకొని దాన్ని పట్టుకోవడం అన్యాయం. కాబట్టి కోడికూర తినేవాడికి కూడా గూటి ముందు ఒక బాధ్యత ఉంటుంది. అవసరానికి తీసుకోవడం ఒకటి, విసుగు పుట్టి నాశనం చేయడం వేరొకటి. వెంటిలేటరులోని నాలుగు గుడ్లను కింద పడవేస్తే ఎవరి ఆకలీ తీరదు. మూడు వారాలు ఓర్చుకోలేని మన విసుగు మాత్రమే తీరుతుంది.

మూడు వారాలని ఊరికే అనలేదు. లెక్క చూడండి. ఊరపిచ్చుక గుడ్లు పొదగడానికి సుమారు 11 నుండి 14 రోజులు పడుతుంది. పిల్లలు రెక్కలొచ్చి గూడు విడవడానికి మరో రెండు వారాలు. మనం చూసేసరికి గుడ్లు పెట్టి కొన్నాళ్ళయి ఉంటుంది గనుక మిగిలేది మూడు, నాలుగు వారాలే. పావురాలకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. గుడ్లకు 17 నుండి 19 రోజులు, పిల్లలు ఎగరడానికి నాలుగైదు వారాలు. అంటే పక్షి మన ఇంటిని శాశ్వతంగా ఆక్రమించలేదు. ఒక కాన్పుకు మాత్రం చోటు అడుగుతున్నది.

ఈ వరుసను బట్టి మన ధర్మం కూడా తేలుతుంది. పుల్లలూ పోచలూ చేరుతున్న మొదటి రోజుల్లో గూడు తీసివేయడంలో తప్పు లేదు. పక్షి మరొక చోటు వెదుక్కుంటుంది. గుడ్డు పడిన తరువాత సంగతి మారుతుంది. అప్పుడక్కడ మరొక చోటికి పోలేని ప్రాణం ఉన్నది. పిల్లలు ఎగిరిపోయిన తరువాత గూడు తిరిగి గడ్డి మాత్రమే. ఆ సమయం చూసుకొని గూడు తీసి, ఇనుప జాలీ బిగించాలి. ఆలస్యం చేస్తే పిచ్చుకలు అదే చోట రెండవసారి, మూడవసారి గుడ్లు పెడతాయి. ఓర్పుకూ అశ్రద్ధకూ తేడా ఉన్నది. అశ్రద్ధ చేసి మళ్ళీ గుడ్లు పడ్డాక పక్షిని తిట్టుకోవడం సబబు కాదు.

మన దేశచట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు చెప్పిన అర్థంలో అడవిపక్షుల గుడ్లను పాడుచేయడం, వాటి గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడం కూడా చేర్చింది. తుపాకి పట్టినవాడే వేటగాడని మనం అనుకుంటాము. చీపురుకట్ట పట్టినవాడి సంగతి కూడా చట్టం ఆలోచించింది.

అయితే మనుషుల ప్రాణం మాటేమిటి? ఇది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే పెద్దలు ఉండవచ్చు. పావురాల రెట్టల దుమ్ము అదేపనిగా పీల్చితే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గ్యాసు గీజరు ఉన్న స్నానాలగదిలో గాలిదారి మూసుకుపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి, లోపలివారు తెలియకుండానే ప్రాణాలు కోల్పోవచ్చు. ఫ్యాను మోటారు చుట్టూ ఎండుగడ్డి చేరితే నిప్పు పుట్టవచ్చు. ఇటువంటి చోట మూడు వారాలు ఆగమనడం దయ కాదు. పిచ్చుకకన్నా మనిషి విలువైనవాడని చెప్పినది క్రీస్తుప్రభువే.

కాని ఆయన ఆ మాట చెప్పిన తీరు గమనించండి. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముడుపోతాయి. లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి. ఐదవది కొసరు. అంగడిలో వెలలేని ఆ ఐదవ పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పారు. మనిషి విలువను చెప్పడానికి పిచ్చుక విలువను ఆయన తగ్గించలేదు. దాని విలువను ముందు నిలబెట్టి, ఆ తరువాతనే మనిషి సంగతి చెప్పారు.

కాబట్టి అపాయం ఉన్న చోట గూడు తప్పించాలి. తప్పించడంలో కూడా రీతి ఉన్నది. ముందు గీజరు, ఫ్యాను ఆపివేయాలి. గూటిని చెదరకుండా ఒక అట్టపెట్టెలోనో చిన్న కుండలోనో పెట్టి, పిల్లికి అందకుండా, ఎండ తగలకుండా, ఆ గోడకే దగ్గరలో కట్టాలి. దూరం పోకపోతే చాలాసార్లు తల్లిపక్షి వెదుక్కుంటూ వస్తుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లలను వదిలేస్తుందని పెద్దలు అంటారు గాని, సాధారణంగా అలా జరగదు. ఎండు రెట్టలు ఊడ్చే ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఇంత చేసినా ఒకోసారి పిల్లలు బ్రతకకపోవచ్చు. అప్పుడు మనసు నొచ్చుకుంటుంది గాని, చేయగలిగినది చేసినవాడి మీద దోషం లేదు.

ఇంకొక సంగతి. పిచ్చుకలు వెంటిలేటరుకు ఎందుకు వచ్చాయి? మన పాత మట్టిమిద్దెలలో దూలాలకూ దంతెలకూ మధ్య సందులుండేవి. వెలుతురు కోసం విడిచిన గవాచి ఉండేది. ముంగిట్లో కొర్రలు, జొన్నలు చెరిగితే రాలిన గింజలుండేవి. చేలలో పురుగులుండేవి. పిచ్చుక పెద్దదయ్యాక గింజలు తిన్నా, పిల్లలను పెంచేది పురుగులతోనే. ఇప్పుడు సిమెంటు గోడకు సందు లేదు, మందు కొట్టిన చేనిలో పురుగు లేదు. మనం అన్ని తలుపులూ మూశాము. మిగిలిన ఒక్క బొక్కలోకి అది వచ్చింది. మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా 2010 నుండి జరుపుకోవలసి వచ్చిందంటే వాటి పరిస్థితి తెలుస్తూనే ఉన్నది.

పక్షిని శత్రువుగా లెక్క కడితే ఏమవుతుందో చైనా చూసింది. 1958లో అక్కడి ప్రభుత్వం పిచ్చుకలను ధాన్యం దొంగలని ప్రకటించింది. జనం వీధుల్లోకి వచ్చి డప్పులు, పళ్ళాలు మోగించి, వాటిని వాలనీయకుండా అలసి రాలిపోయేట్టు చేశారు. గూళ్ళు పీకారు, గుడ్లు పగులగొట్టారు. తరువాత పురుగులు పెరిగి పంటల మీద పడ్డాయి. ఆ కాలపు ఘోరమైన కరవుకు వేరే కారణాలు ఎన్నో ఉన్నా ఇదీ తోడయ్యింది. 1960లో ఆ జాబితా నుండి పిచ్చుకను తీసి నల్లిని చేర్చారు.

మన రాయలసీమలో ఇందుకు వేరైన దారి ఉన్నది. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్టల వాసన, చేపల వాసన ఆ ఊరివారికి తప్పదు. అయినా ఇంటికి వచ్చిన ఆడపడుచుల వలె వాటిని కాపాడుకుంటున్నారు. తమిళనాడులో శివగంగ జిల్లా పొత్తకుడి గ్రామంలో 2020లో వీధిదీపాల స్విచ్చిబోర్డులో ఒక చిన్న పక్షి గుడ్లు పెట్టింది. పిల్లలు ఎగిరిపోయేదాకా ఊరివారు నెలకు పైగా చీకటిలో నడిచారు. వారు గొప్ప త్యాగధనులు కారు. కొన్ని రోజులు ఆగగలిగిన మామూలు మనుషులు.

మన జిల్లాలోనే లంకమల అడవులలో కలివికోడి ఉన్నది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో తిరిగి కనబడితే 1988లో దాని కోసం అభయారణ్యం ఏర్పడింది. అరుదైనదానికి ప్రభుత్వం కాపలా పెడుతుంది. మామూలు పిచ్చుకకు మాత్రం ఇంటివారి మంచి మనసే కాపలా.

ఇదంతా పక్షుల మీది జాలి కోసమే వ్రాయలేదు. కతోలిక శ్రీసభ సత్యోపదేశము 2418వ పేరాలో రెండు మాటలు ఒకేచోట ఉన్నాయి. జంతువులను అనవసరంగా బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికి తగదు. మనుషుల కష్టాలు తీర్చవలసిన ధనాన్ని జంతువుల మీద వెచ్చించడమూ తగదు. పిచ్చుకకు కుండ కట్టి, అద్దెకున్న కుటుంబాన్ని పిల్లల పరీక్షల నెలలోనో, కోడలి నెలలు నిండిన సమయంలోనో ఖాళీ చేయించేవారు ఉంటే, గూటి పాఠం వారికి సగమే అబ్బినట్టు. ఇల్లు తమదే, హక్కు తమదే. కాని హక్కు ఉన్నదని ఈ రోజే వాడుకొని తీరాలా? ద్వితీయోపదేశకాండము దారిన పోయేవాడిని అడిగిన ప్రశ్న ఇదే.

ప్రియ పాఠకులారా, ఈ వారం మీ ఇంటి వెంటిలేటర్లు ఒకసారి చూడండి. ఖాళీగా ఉంటే జాలీ కట్టించండి, బయట గోడకు ఒక కుండ వ్రేలాడదీయండి. గుడ్లుంటే పిల్లలతో కలిసి తేదీ వ్రాసి పెట్టుకొని ఆ రోజులు లెక్కపెట్టండి. ఓర్పు అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా వారికి తెలిసివస్తుంది.