సుమ్మా చెప్పిన మాట

ధ్యాన భాగములు: మత్తయి 5:33-37, 12:36, 2 కొరింథీ 1:12-20, సామెతలు 12:19



అవినాశి ప్రాంతములోని మన తెలుగు ఇండ్లలో దినమునకు పది మారులు వినబడు మాట ఒకటున్నది. అది "సుమ్మా". మాట తమిళమే గాని, విజయనగర కాలము నుండియు, మధుర నాయకుల కాలము నుండియు ఈ కొంగునాట స్థిరపడిన తెలుగువారు దానిని తమదిగా చేసికొన్నారు. వారి వెనుక వచ్చిన మనమును చేసికొన్నాము. "ఆదివారము వస్తానంటివి, రాలేదేమి?" అని అడిగిన, "సుమ్మా చెప్పినాను" అందుము. అనగా ఊరకనే అన్నాను, దానిని పట్టించుకొనవద్దు అని అర్థము. విన్నవారు నవ్వెదరు, మనమును నవ్వెదము. సంగతి అంతటితో ముగిసినదనుకొందుము.

అయితే మన ప్రభువు ఆ సంగతి అంతటితో ముగియలేదని చెప్పుచున్నాడు. మనుష్యులు పలుకు ప్రతి వ్యర్థమైన మాటను గూర్చి విమర్శ దినమున లెక్క అప్పగింపవలెనని మత్తయి 12:36లో ఆయన హెచ్చరించెను. అబద్ధ సాక్ష్యమును గూర్చి మాత్రమే కాదు, సుమ్మా చెప్పిన మాటను గూర్చియు లెక్క ఉన్నది.

ఇతరులకు బోధించుటకు ముందు మా లెక్క మేము చెప్పుకొనవలెను. చాలా సంవత్సరముల క్రిందట ఆంధ్ర దేశమునుండి ఒక తండ్రి మాకు ఉత్తరము వ్రాసెను. తన కుమార్తెకు మన ప్రాంతపు సంబంధమొకటి వచ్చినదనియు, పిల్లవాని నడవడి ఎట్టిదో దయచేసి తెలుపుమనియు అడిగెను. ఆ పిల్లవాడు త్రాగునని మాకు తెలియును. అయినను వారి ఇంటివారు సంఘములో ముఖ్యులు, మాకు కావలసినవారు. మేము కూర్చుండి, "దేవుని ఎరిగిన కుటుంబము, ఆరాధన మానరు, సొంత ఇల్లు గలదు" అని వ్రాసితిమి. ప్రతి మాటయు నిజమే. కాని ఆయన అడిగినదానికి మాత్రము జవాబు వ్రాయలేదు.

మూడేండ్ల తరువాత ఆ అమ్మాయి బిడ్డను చంకనెత్తుకొని మా గుమ్మములో నిలువబడెను. "అయ్యగారూ, మీ ఉత్తరం చూసే మా నాన్న ఒప్పుకున్నాడు" అనెను. కోపముగా అనలేదు. కోపపడినను మాకు ఇంత భారముండెడిది కాదేమో. ఆ రాత్రి మేము ఆ తండ్రికి రెండవ ఉత్తరము వ్రాసి, మొదటి ఉత్తరములో దాచినది ఒప్పుకొని క్షమాపణ వేడుకొంటిమి. ఆయన క్షమించెను. అయినను ఆ బిడ్డ పోగొట్టుకొన్న సంవత్సరములను మేము తిరిగి ఇయ్యలేకపోతిమి.

అబద్ధమాడక కూడ మోసము చేయవచ్చునని మేము ఆనాడు నేర్చుకొంటిమి. అందుచేతనే ప్రభువు మనకు ఒట్ల పట్టికను ఇయ్యలేదు. ఏ ఒట్టు గట్టిది, ఏది గట్టిది కాదు అని పరిసయ్యులు లెక్కలు కట్టుచుండగా, ఆయన ఆ లెక్కలన్నిటిని ప్రక్కకు నెట్టి, ఔనన్నది ఔనుగాను కాదన్నది కాదుగాను ఉండిన చాలునని బోధించెను. ఒట్టు ఎప్పుడు అవసరము? వట్టి మాటకు విలువ లేనప్పుడే. నిష్కపటమైన హృదయమునకు చిన్న మాట చాలును.

మన పితరుల చరిత్రలో దీనికి గొప్ప దృష్టాంతమున్నది. 1876-78 సంవత్సరముల కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసికొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించిరి. ఆ పనిలో మన బోధకులే మేస్త్రీలుగా ఉండి, సువార్తను కూడ చెప్పిరి. వేలమంది బాప్తిస్మము కావలెనని అడుగుచుండిరి. ఆ సంఖ్యను వ్రాసి పంపిన ఏ మిషను సంతోషింపదు? అయినను క్లౌ దొరగారు దాదాపు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అన్నము కొరకు చెప్పు "నమ్ముచున్నాను" అను మాటకును, ప్రభువు కొరకు చెప్పు అదే మాటకును భేదము కనబడవలెనని ఆయన కోరిరి.

1878లో సహాయపు పని ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు ధనము లేదని ఆయన ప్రజలకు స్పష్టముగా చెప్పిరి. వారు వెళ్లిపోలేదు. మాకు ధనము అక్కరలేదు, బాప్తిస్మము కావలెనని నిలిచిరి. జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సంఘములన్నియు జ్ఞాపకముంచుకొన్నవి. దానికి ముందున్న పదునైదు నెలల మౌనమును మాత్రము అంతగా జ్ఞాపకము చేసికొనము. ఆ మౌనమే ఆ సంఖ్యకు విలువనిచ్చినది.

ప్రియులారా, మన మాటలను కొంచెము పరీక్షించుకొందము. మనము ఇంట తెలుగు, బజారులో తమిళము, ఉద్యోగములో ఇంగ్లీషు మాటలాడుదుము. నాలుకకు మూడు భాషలుండవచ్చును గాని హృదయమునకు రెండు మాటలుండరాదు. తిరుప్పూరు బనియను కంపెనీలో పీసుల లెక్క వ్రాయు సహోదరుడా, నీ లెక్క ఆదివారపు పాటతో ఏకీభవించుచున్నదా? చీటీ డబ్బు "రేపు ఇస్తాను" అను సహోదరీ, ఆ రేపు ఏ దినము? కానుకల దినమున సంఘము ముందు చదువబడిన మన వాగ్దానపు మొత్తములు సంవత్సరాంతమున ఏమైనవి? మన ఊరి బంధువులకు ఇక్కడి జీతమును పెంచి చెప్పి, వారు అప్పు అడిగినప్పుడు తగ్గించి చెప్పలేదా?

ప్రార్థనలోను ఇట్లే. పొడుగైన ప్రార్థన చేయుటకు మనము నేర్చితిమి. సుంకరి చేసిన ప్రార్థన కొద్ది మాటలే. కన్నులెత్తుటకైనను ధైర్యము చాలక, తాను పాపినని ఒప్పుకొని కనికరము వేడుకొనెను. అతడే నీతిమంతుడుగా ఇంటికి వెళ్లెనని ప్రభువు చెప్పెను.

అయితే యథార్థమైన మాట అనగా కఠినమైన మాట కాదు. కొందరు "ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి" అని చెప్పి పొరుగువాని గుండె కోయుదురు. ప్రేమ కలిగి సత్యము చెప్పుమని ఎఫెసీ పత్రిక బోధించుచున్నది. ఆ ఉత్తరము వచ్చిన దినమున మేము చేయవలసినదేమి? మొదట ఆ పిల్లవాని యొద్దకు వెళ్లి, "తమ్ముడా, నీ విషయము అడిగినారు, మేము అబద్ధము వ్రాయలేము, నీవు మారుటకు మేము తోడుండెదము" అని చెప్పవలసినది. అట్లు చేసియుంటే ఇద్దరికిని మేలు కలిగియుండునేమో. మా మౌనము అతనినిగాని ఆమెనుగాని ప్రేమించలేదు.

ఈ బలము మనకెక్కడిది? కొరింథువారి యొద్దకు ప్రయాణము మార్చుకొన్నందుకు పౌలును మాట నిలువనివాడని కొందరు నిందించిరి. అతడు తన్ను సమర్థించుకొనుటతో ఆగక, వారి దృష్టిని క్రీస్తువైపు త్రిప్పెను. దేవుని వాగ్దానములన్నియు క్రీస్తునందు "ఔను" అయినవనెను. దేవుడు మనలను ప్రేమించుచున్నానని సుమ్మా చెప్పలేదు. ఆ మాటను సిలువమీద నెరవేర్చెను. మనము చెప్పు ఆమేన్ ఆ ఔనుకు మన జవాబు. దానిని సుమ్మా చెప్పకుందము.

అవినాశి అనగా నాశనము లేనిది. సత్యము పలుకు పెదవి నిలుచుననియు, అబద్ధపు నాలుక క్షణమాత్రమే ఉండుననియు సామెతల గ్రంథము చెప్పుచున్నది. ఈ పేరుగల ఊరిలో కాపురముండు మనము నాశనము లేని మాటలు పలుకుదుము గాక. ఈ వారము మనలో ప్రతివారమును, సుమ్మా చెప్పి విడిచిన మాట ఒక్కటి జ్ఞాపకము చేసికొని, ఆ మనుష్యుని యొద్దకు వెళ్లి దానిని సరిచేసికొందము. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.