అధ్యాపకుని తృప్తి

ఈ వేసవిలో మా నూజివీటి దాపున నొక మామిడితోటలో నా పూర్వశిష్యుడు కనబడినాడు. అతడు భౌతికశాస్త్రమున పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందినవాడు. ఒక విశ్వవిద్యాలయ కళాశాలలో గంటల లెక్కపై అతిథి అధ్యాపకుడుగా పనిచేయుచున్నాడు. సెలవులలో వేతనము లేదు గనుక తండ్రికి తోడుగా చిన్నరసాలు కోయించుచుండెను. కుశలప్రశ్నలైన పిమ్మట, "మాస్టారూ, పాఠం చెప్పేటప్పుడు కలిగే సంతోషం నాకు మరెక్కడా కలగదండీ. ఇంటికి వచ్చి లెక్కలు చూసుకుంటే ఈ ఉద్యోగం ఎందుకనిపిస్తుంది. ఈ రెండింటిలో దేన్ని నమ్మమంటారు?" అని యడిగినాడు.

అధ్యాపకవృత్తి పవిత్రమైనదనియు, దానిని ధనముతో కొలువరాదనియు బదులు చెప్పితిని. ఇల్లు చేరునప్పటికి ఆ మాట నాకే రుచింపలేదు. నాకు నెలనెలకు జీతము తప్పక వచ్చుచున్నది. కడుపు నిండినవాడు ఆకొన్నవానికి ఉపవాసమహిమను బోధించినట్లుండెను నా బోధ. అందుచేత ఈ ప్రశ్నను మొదటినుండి విచారింపదలచితిని.

విద్యావిక్రయమును మన పూర్వులు నిందించిరి. జీతము గొని వేదము చెప్పుటను మనుస్మృతి ఉపపాతకములలో చేర్చినది. నేటికిని అధ్యాపకులు జీతము మాట యెత్తినప్పుడు పెద్దలు ఈ యాదర్శమునే చూపుదురు. కాని వారొక సంగతి మరతురు. ఆ కాలమున రాజులు పండితులకు పన్నులేని అగ్రహారములు దానము చేసిరి. అవి యొక్క వర్ణమువారికే దక్కుట వేరొక దోషము. భూమి తిండి పెట్టినది గనుకనే పండితుడు శిష్యునియొద్ద ధనము కోరక చదువు చెప్పగలిగెను. అగ్రహారమును తీసివేసి ఆదర్శమును మాత్రము నిలుపుకొనుట న్యాయమా?

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గు అను మనశ్శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పిట్సుబర్గు ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి 1959లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందలి సారమిది: అసంతృప్తికి హేతువులు వేరు, తృప్తికి హేతువులు వేరు. జీతము చాలకున్నను, పై అధికారి వేధించినను మనుష్యుడు కుములును. ఆ కొరతలు తీరినంత మాత్రమున తృప్తుడు కాడు. తృప్తి పనిలోనుండియే పుట్టవలెను. ఇది అధ్యాపకులను గూర్చిన పరీక్ష కాకున్నను, నా శిష్యుని సందేహమునకు దీపము వంటిది. అతనికి కలిగిన సంతోషమును నిజమే, దుఃఖమును నిజమే. ఒకటి రెండవదానిని రద్దు చేయదు.

పనిలోని తృప్తి యెంతటిదో చూడగోరువారు చిలుకూరి శాంతమ్మగారిని తలచుకొనవలెను. ఆమె 1929లో మచిలీపట్టణమున జన్మించి, 1956లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపన్యాసకురాలై, 1989లో విశ్రాంతి పొందినది. తొంబదియేండ్లు దాటిన పిదపను విశాఖపట్టణమునుండి విజయనగరమునకు పోయి పాఠములు చెప్పినది. ఇట్టివారిని పొగడి, "చూడుడు, నిజమైన గురువునకు ధనముతో పనిలే"దనువారు కలరు. ఆమె మూడు దశాబ్దములకు పైగా విశ్వవిద్యాలయమున కొలువు చేసిన పిమ్మట ఆ సేవకు పూనుకొన్నదని వారు గమనింపరు.

అధ్యాపకునికి కావలసినది మరొకటి కలదు: అంతరాత్మకు విరుద్ధముగా నడువనక్కరలేని స్వాతంత్ర్యము. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్‌ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని విడిచిరి. తిరిగి 1936లో చేపట్టిరి. పదవియే తృప్తియైనచో దానిని విడిచియుండరు.

ఈ స్వాతంత్ర్యమును నేడు హరించునది మార్కుల పట్టిక. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో పదోన్నతులకు వ్యాసములను, సభలను, గ్రంథములను మార్కులతో లెక్కించు పద్ధతి పెట్టినది. 2018లో దానిని సవరించినది. మా ప్రాంతమువా రీ స్థితిని సులభముగా గ్రహింతురు. వరిగడ్డిలో మాగిన రసమునకు కొన్ని దినములు పట్టును. కార్బైడు పెట్టిన కాయ త్వరగా పసుపెక్కును. లోపల పులుపు విడువదు. దానిని చట్టము నిషేధించినది. మార్కుల కొరకు తొందరపడి వ్రాసిన వ్యాసమును అట్టిదే. దానిని పైకము గొని అచ్చువేయు అంగళ్లును వెలసినవి. హైదరాబాదున పుట్టిన అట్టి ప్రచురణసంస్థ యొకటి ఐదుకోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలెనని 2019లో అమెరికా న్యాయస్థానము తీర్పు చెప్పినది. కొనువారుండుటచేతనే గదా యమ్మువారు పుట్టిరి. అట్టి వ్యాసము వ్రాసినవానికి పదోన్నతి రావచ్చును; తన పనిపై తనకు గౌరవము మిగులదు.

కావున నాకు తోచినదిది. పాఠము చెప్పుటలోని యానందము అధ్యాపకునిది. అది వేతనములో భాగము కాదు. సంఘము దానిని చూపి తన ఋణమును తగ్గించుకొనరాదు. మన బిడ్డలకు చదువు చెప్పువారు సెలవుదినములలో నెట్లు బ్రతుకుచున్నారని ఎన్ని కుటుంబములవా రడిగిరి? నేనును ఈ వేసవివరకు అడుగలేదు.

నా శిష్యునికి ఉత్తరము వ్రాసి, తోటలో నేను చెప్పిన మాటను ఉపసంహరించుకొంటిని. కళాశాల తెరచునాటికి అతడు మరల పోవునో, మానునో యెరుగను. పోయిన అతని శిష్యులకు భాగ్యము. మానిన, ఆ తప్పు అతనిది కాదు.